ఇంటి నెట్‌వర్క్‌లో మూడు వర్చువల్ మెషీన్లు: వర్చువల్‌బాక్స్ ఎంతవరకు పనికొస్తుంది?

నల్లగొండలోని మా ఇంట్లో 16 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్‌పై మూడు ఉబుంటు (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్లను ఒకేసారి నడుపుతూ, ఇంట్లోని ఫోన్లూ లాప్‌టాప్‌లూ వాటిని నేరుగా చేరుకునేలా చేయాలన్న ఉద్దేశంతో ఒకే కంప్యూటర్‌లో మరికొన్ని కంప్యూటర్లు (వర్చువల్ మెషీన్లు) ఉన్నట్టు నడిపే వర్చువల్‌బాక్స్‌ను ఆరు నెలలుగా వాడుతున్నాను. 2007లో తొలిసారి వెలువడిన ఈ సాఫ్ట్‌వేర్ 2010 నుంచి ఒరాకిల్ చేతిలో ఉంది. దీని మూల ప్యాకేజీ ఉచితం. ఇన్‌స్టాల్ చేయడంలో చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు. అసలు పని నెట్‌వర్క్ సెట్టింగుల దగ్గరే మొదలవుతుంది.

కొత్తగా ఏ మెషీన్ తయారు చేసినా దానికి నాట్ పద్ధతి, అంటే డెస్క్‌టాప్ చాటున ఉండి దాని కనెక్షన్‌తోనే బయటికి వెళ్లే ఏర్పాటు, దానంతటదే అమరుతుంది. ఇంటర్నెట్ వెంటనే వస్తుంది కనుక అంతా సవ్యంగానే ఉందనిపిస్తుంది గానీ, మూడింటిలో ఏది తెరిచి చూసినా 10.0.2.15 అనే ఒకే చిరునామా కనిపిస్తుంది. ఇది దోషం కాదు. ప్రతి మెషీన్‌కూ విడిగా ఒక సొంత రౌటర్ ఉన్నట్టే లెక్క కాబట్టి అవి ఒకదానికొకటి కనబడవు, పక్క గదిలోని ఫోన్‌కూ కనబడవు. మెషీన్లు తమలో తాము కలుసుకుంటే చాలనుకునేవారికి నాట్ నెట్‌వర్క్ అనే మరో పద్ధతి సరిపోతుంది. ఇంట్లోవారందరికీ అందాలంటే మాత్రం బ్రిడ్జ్‌డ్ అడాప్టర్ ఎంచుకోవాలి; అప్పుడు ఇంటి రౌటరే ఒక్కో మెషీన్‌కు ఒక్కో చిరునామా ఇస్తుంది.

అయితే బ్రిడ్జ్‌డ్ పద్ధతి వైఫైపై నమ్మకంగా నడవదు. వైఫైలో ఒక కనెక్షన్‌కు ఒకే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) అన్నది మామూలు ఏర్పాటు కావడమే అందుకు కారణం. మొదటి మెషీన్‌కు చిరునామా దొరికింది, రెండోది ఎదురుచూస్తూనే ఉండిపోయింది. చివరికి ప్రకాశం బజారుకు వెళ్లి పది మీటర్ల ల్యాన్ కేబుల్ తెచ్చి, కిటికీ అంచు వెంబడి హాల్లోని రౌటర్ దాకా లాగాక గాని ఆ చిక్కు తీరలేదు.

నన్ను ఒక రోజంతా తిప్పలు పెట్టింది మాత్రం క్లోనింగ్. ఒక మెషీన్‌ను సిద్ధం చేసి మరో రెండు నకళ్లు తీసి, మ్యాక్ అడ్రస్‌లన్నీ కొత్తవి ఇచ్చినప్పటికీ మూడింటికీ 192.168.1.34 అనే చిరునామాయే వచ్చింది. రౌటర్‌ను ఊరికే తిట్టుకున్నాను. ఉబుంటు సర్వర్ చిరునామా అడిగేటప్పుడు తన మెషీన్ ఐడీ నుంచి పుట్టిన గుర్తింపును చూపుతుందనీ, ఆ ఐడీ నకళ్లలోనూ అలాగే మిగిలిపోయిందనీ తర్వాత తెలిసింది. నకళ్లలో ఆ ఐడీ ఉండే ఫైలును ఖాళీ చేసి మెషీన్‌ను రీస్టార్ట్ చేస్తే కొత్త ఐడీ తయారై, దేని చిరునామా దానికి వచ్చింది. పిమ్మట రౌటర్‌లో మూడింటికీ స్థిరమైన చిరునామాలు కేటాయించాను. కరెంటు పోయి వచ్చినా అవి మారడం లేదు.

కేబుల్ లాగడానికి వీలున్నవారు వర్చువల్‌బాక్స్‌ను నిస్సంకోచంగా వాడవచ్చు. వైఫై తప్ప గత్యంతరం లేని అద్దె గదులవారు నాట్‌లోనే ఉండి, కంప్యూటర్‌లోని 2222 పోర్టును (నెట్‌వర్క్ సేవకు ఉండే నంబరు ద్వారం) ఒక మెషీన్‌లోని 22కు, 2223ను మరోదానిలోని 22కు మళ్లించుకుంటే ఎస్‌ఎస్‌హెచ్ (వేరే చోటి నుంచి మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) వరకు పని జరిగిపోతుంది.