యామ్, ఈజ్, ఆర్: బ్రిటిష్ కౌన్సిల్ ఉచిత పాఠం తెలుగువాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లీషు మొదలుపెట్టేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సిన క్రియ 'బీ'. వర్తమానంలో దానికి మూడే రూపాలు. ఐ పక్కన యామ్, హీ, షీ, ఇట్ పక్కన ఈజ్, యూ, వీ, దే పక్కన ఆర్. బ్రిటిష్ కౌన్సిల్ వారి లర్న్ ఇంగ్లిష్ సైటులో, ఏ1-ఏ2 (మొదటి రెండు స్థాయిల) గ్రామర్ విభాగంలో దీనికి విడిగా ఒక పాఠం ఉంది. పైసా ఖర్చు లేదు, ఫోన్‌లోనే చదువుకోవచ్చు.

అమరిక చాలా బాగుంది. ముందు ఒక చిన్న పరీక్ష, తర్వాత వివరణ, ఆఖర్న మరో పరీక్ష. మొదటి పరీక్షను దాటేసి వివరణకు వెళ్లకండి. ఎక్కడ తప్పారో కాగితం మీద రాసుకుని చదివితే చూపు నేరుగా అక్కడికే పోతుంది. కుదింపు రూపాల ('ఐ యామ్'ను 'ఐమ్' అనడం లాంటివి) దగ్గర మాత్రం రెండుసార్లు ఆగాలి. 'ఆర్ యూ రెడీ?' అంటే 'యెస్, ఐ యామ్' అని పూర్తిగా చెప్పాలి, 'యెస్, ఐమ్' తప్పు. కాదనేటప్పుడు 'నో, ఐమ్ నాట్' సరిపోతుంది.

లోటల్లా ఒక్కటే. వివరణంతా ఇంగ్లీషులోనే, ప్రపంచంలో అందరికీ కలిపి రాసింది. మనవాళ్లు తప్పేది తెలుగు వాక్యం నడకవల్ల.

'నేను టీచర్‌ని' అన్న వాక్యంలో క్రియే లేదు. చివరి 'ని'తోనే పని అయిపోయింది. అందుకే 'ఐ టీచర్', 'షీ మై సిస్టర్' అనేస్తారు. 'నేను ఇంట్లో ఉన్నాను'లో 'ఉన్నాను' కంటికి కనబడుతుంది కాబట్టి అక్కడ యామ్ అంత తొందరగా జారిపోదు. తెలుగు వాక్యంలో క్రియ కనబడకపోతే, సాధారణంగా యామ్, ఈజ్, ఆర్‌లలో ఒకటి పెట్టాల్సింది అక్కడే.

అలాగని 'ఉంది' కనబడ్డ చోటల్లా ఈజ్ పెడితే కుదరదు. 'నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు' అంటే 'ఐ హ్యావ్ టూ చిల్డ్రన్'. 'నాకు ఆకలిగా ఉంది' మాత్రం 'ఐ యామ్ హంగ్రీ'. 'నాకు' అని మొదలైనా ఇంగ్లీషులో 'ఐ' తోనే ఎత్తుకోవాలి. వయసు చెప్పేటప్పుడూ అంతే: 'నాకు ఇరవై ఏళ్లు' అంటే 'ఐ యామ్ ట్వెంటీ'. ఇక్కడ హ్యావ్ వాడకూడదు.

మన మర్యాద తెచ్చే తప్పు ఇంకోటి. 'నాన్నగారు ఇంట్లో ఉన్నారు' అని బహువచనంలో అనడం అలవాటైన నోటికి 'మై ఫాదర్ ఆర్ ఎట్ హోమ్' అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఎంత పెద్దాయనైనా ఒక్కరే కాబట్టి ఈజ్. గౌరవం క్రియలో పలకదు. ఈ ఒక్క ముక్క ఆ పేజీలో ఉంటే మన పిల్లలకు ఎంతో మేలయ్యేది.

కాదు, లేదు రెండింటికీ నాట్ ఒక్కటే. 'నేను డాక్టర్‌ని కాదు' అంటే 'ఐ యామ్ నాట్ ఎ డాక్టర్', 'నేను ఇంట్లో లేను' అంటే 'ఐ యామ్ నాట్ ఎట్ హోమ్'. మనకు రెండు మాటలున్న చోట వాళ్లకు ఒకటే, ఇది నేర్చుకోవడం తేలిక.

పాఠం పూర్తయ్యాక కొత్త తప్పొకటి మొదలవుతుంది: 'ఐ యామ్ గో టు ఆఫీస్'. వాక్యంలో గో లాంటి క్రియ ఉంటే మామూలు వర్తమానంలో యామ్ అక్కర్లేదు, 'ఐ గో' చాలు. యామ్ పెట్టాలంటే 'గోయింగ్' కావాలి.

పరీక్షల్లో మార్కులొచ్చినంత మాత్రాన నోరు తిరగదు. రోజుకు పది తెలుగు వాక్యాలు తీసుకోండి, అందులో ఐదు క్రియ లేనివి ఉండాలి. ఒక్కోదాన్ని పైకి మూడు రకాలుగా చెప్పండి. 'షీ ఈజ్ ఎ నర్స్', 'షీ ఈజ్ నాట్ ఎ నర్స్', 'ఈజ్ షీ ఎ నర్స్?'. ప్రశ్నలో ఈజ్ ముందుకు రావాలి. మాటల వరస మార్చకుండా గొంతు పైకెత్తి 'షీ ఈజ్ ఎ నర్స్?' అని వదిలేస్తే ఆ మార్పు ఎప్పటికీ అలవాటు కాదు. ఈజ్ అని మనం దీర్ఘం తీసి రాస్తాం గానీ, పలికేటప్పుడు 'ఇజ్' అని పొట్టిగా అనాలి.