ఊగుడు బల్లతో మూడేళ్లు: మా వాడి కోపం, నా ఓపిక, కింది ఫ్లాట్ వాళ్ల తలనొప్పి

పెట్టె మీద బ్యాలెన్స్ బోర్డు అని రాసుంది. మా ఇంట్లో మాత్రం మొదటి రోజు నుంచీ అది ఊగుడు బల్లే. అరటి దొప్పలా వంపు తిరిగిన చెక్క. వంపు కిందికి పెట్టి ఎక్కితే ఊగుతుంది, బోర్లిస్తే చిన్న వంతెన అవుతుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు. బ్యాటరీ లేదు, లైటు లేదు, పాట లేదు. 2022 జూన్‌లో 3,600 రూపాయలు పెట్టి కొన్నాం. అప్పటికి మా వాడికి ఐదేళ్లు, ఇప్పుడు ఎనిమిది దాటాయి. ఈ మధ్య వాడి క్లాసు పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు "అది పనిచేస్తుందా?" అని అడిగారు. అవుననీ కాదనీ ఒక్క ముక్కలో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ఎందుకు కొన్నామో చెప్తే గానీ మిగతాది అర్థం కాదు. పేచీలు అందరు పిల్లలూ పెడతారు. మా వాడిది పేచీ కాదు, వీరంగం. చొక్కా గుండీ పట్టకపోతే గుండీ పీకేసేవాడు. వైకుంఠపాళీలో పాము మింగితే అట్ట గాల్లోకి లేచేది. ఏడుపు మొదలైతే ముప్పావు గంట. పైగా ఎక్కడ చూసినా గుద్దుకునేవాడు: గుమ్మం, డైనింగ్ టేబుల్, పక్క పిల్లలు. కుర్చీలో నిలకడగా కూర్చోడని బడి డైరీలో వారానికోసారి రాసి పంపేవారు. మా అత్తయ్య దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పి తీసింది. నేను కాదనలేదు, ఆ టైములో ఎవరేం చెప్పినా చేసేదాన్ని.

పిల్లల డాక్టరు చూసి, ఆక్యుపేషనల్ థెరపిస్టు (ఒంటి కదలికలూ రోజువారీ పనులూ కుదిరేలా ఆటలతో శిక్షణ ఇచ్చేవారు) దగ్గరికి వెళ్లమన్నారు. ఆవిడ వాడిని కోపం గురించి ఒక్క మాటా అడగలేదు. ఒంటికాలి మీద నిలబడమన్నారు. రెండు సెకన్లకే తూలాడు. ఐదేళ్లకి చాలామంది పిల్లలు పది సెకన్ల దాకా నిలబడతారట. తర్వాత నేల మీద అంటించిన టేపు మీద మడమకి బొటనవేలు ఆనించి నడవమన్నారు. మూడో అడుగుకే విసుగొచ్చి టేపు పీకేశాడు. "చూశారా, తూలడానికీ విసుక్కోవడానికీ మధ్య ఎంత తక్కువ దూరమో" అన్నారావిడ. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆవిడ చెప్పిందీ నేను తర్వాత చదువుకున్నదీ కలిపి నాకు అర్థమైనంత చెప్తాను. చెవి వినడానికే అనుకుంటాం. దాని లోపలి భాగంలో ద్రవం నిండిన మూడు అర్ధవలయ నాళాలు ఉంటాయి. తల తిరిగినప్పుడల్లా ఆ ద్రవం కదిలి మెదడుకి కబురు వెళ్తుంది. వాటి పక్కనే రెండు చిన్న సంచులు, వాటిలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు. సున్నపురాయిలో ఉండే పదార్థమే, మన తలలో! తల వంచినా, లిఫ్టు పైకి లేచినా అవి జరిగి ఆ సంగతి చెప్తాయి. ఈ కబుర్లు చిన్నమెదడుకే కాదు, కడుపునీ గుండె వేగాన్నీ చూసుకునే నరాల కేంద్రాలకీ పోతాయి. అరకు ఘాట్ రోడ్డులో కడుపులో తిప్పేది అందుకే. ఒకే తీరున మెల్లగా ఊపితే ఒళ్లు నిమ్మళిస్తుంది, గిరగిరా తిప్పితే రెచ్చిపోతుంది. ఉయ్యాల ఊపి బిడ్డని నిద్రపుచ్చే ఏ అమ్మమ్మకైనా ఇది కొత్త సంగతి కాదు.

దీన్ని ఒక సిద్ధాంతంగా కూర్చి చికిత్సగా మలిచింది జీన్ ఎయిర్స్ అనే అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆవిడ ముఖ్యమైన పుస్తకాలు 1970లలో వచ్చాయి. కానీ ఒకటి చెప్పాలి. 2012లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఈ తరహా చికిత్సలకు ఆధారాలు పరిమితంగానే ఉన్నాయనీ, ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలనీ ప్రకటించింది. మా బల్ల పెట్టె మీద "ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం, ప్రశాంతత" అని అచ్చేసినవాళ్లు ఆ మాట రాయలేదు. నా అనుభవం కూడా ఒక్క పిల్లవాడి అనుభవమే. ఐదు నుంచి ఎనిమిదేళ్లకి ఎదిగే పిల్లవాడు బల్ల లేకపోయినా కొంత కుదురుకునేవాడే. ఎంత బల్ల వల్ల, ఎంత వయసు వల్ల అని అడిగితే నా దగ్గర తక్కెడ లేదు.

మొదటి మూడు నెలలూ దండగ. తప్పు నాదే. వాడు అరవడం మొదలుపెట్టగానే "పో, బల్లెక్కు" అనేదాన్ని. పాత రోజుల్లో గోడకుర్చీ వేయించినట్టే అయింది. ఒకరోజు బల్లని కాలితో తన్నాడు. అది వెనక్కి ఊగి వచ్చి వాడి మోకాలి కింద కొట్టింది. దాంతో ఏడుపు రెండింతలు. ఇక దాన్ని మంచం కిందికి తోసేశాను. థెరపిస్టు విని నవ్వారు. "వరద వచ్చాక ఈత నేర్పిస్తారా?" అన్నారు. కోపం లేనప్పుడు, ఆటలాగా, రోజూ ఒకే వేళకి ఎక్కించమన్నారు.

అక్కడి నుంచి మారింది. సాయంత్రం బడి నుంచి వచ్చి పాలు తాగాక, హోంవర్కుకి ముందు పది నిమిషాలు. నేనెదురుగా పీట వేసుకుని కూర్చునేదాన్ని. వాడు ఊగుతూ ఎక్కాలు చెప్పేవాడు, లేదంటే పాత సాక్సుతో చుట్టిన బంతి ఒకరికొకరం విసురుకునేవాళ్లం. వాడికి అన్నిటికంటే నచ్చింది స్టాచ్యూ. మధ్యలో నేను "స్టాచ్యూ" అనగానే బల్లని అక్కడికక్కడే ఆపాలి. నేల మీద స్టాచ్యూ తేలిక. ఊగే బల్ల మీద ఆగడమంటే చీలమండలు సన్నగా వణుకుతుంటాయి, కాలివేళ్లు చెక్కని పట్టుకుని తెల్లబడతాయి, నాలుక బయటికొస్తుంది, ఊపిరి బిగబడుతుంది. బిగబట్టిన ప్రతిసారీ పడేవాడు.

దసరా సెలవుల్లో అనుకుంటా, ఒకసారి పడకుండా ఆగాడు. కళ్లు పెద్దవి చేసి, "అమ్మా, గాలి వదిలితే ఆగుతోంది" అన్నాడు. ఎవరూ చెప్పలేదు, వాడే కనిపెట్టాడు. ఆ తర్వాత వాడు "స్టాచ్యూ" వినగానే ముందు ఫూ అని గాలి వదిలి, మోకాళ్లు కాస్త వంచి, అప్పుడు ఆపేవాడు. సంక్రాంతికి ముందు ఒకరోజు వైకుంఠపాళీలో తొంభై దాటాక పాము మింగింది. అట్ట ఎగిరిపడింది. మామూలే. కానీ దానితోపాటు ఫూ అని ఒక పెద్ద గాలి కూడా వచ్చింది. ఏడవలేదని కాదు, ఏడ్చాడు. ముప్పావు గంట కాదు, పది నిమిషాలు. తర్వాత తనే వెళ్లి కాయలు ఏరుకున్నాడు. ప్రతిసారీ ఇలాగే జరిగిందని చెప్తే అబద్ధం. ఆ ఏడాది ఐదుసార్లలో ఒకసారి జరిగితే గొప్ప. థెరపిస్టు అన్న ఆ తక్కువ దూరం ఏమిటో నాకు మాత్రం ఆ రోజు తెలిసింది. బల్ల కోపాన్ని తగ్గించలేదు. పడబోయి నిలదొక్కుకోవడం వాడి ఒంటికి అలవాటు చేసింది, అదీ కోపం లేని రోజుల్లో.

ఇంకో సంగతి కొన్న ఆరు నెలలకే తెలిసింది. కోపం నెత్తికెక్కాక ఈ బల్ల ఎందుకూ పనికిరాదు. అప్పుడు బరువు పని కావాలి. ఖాళీ కాబోయే ఇరవై లీటర్ల నీళ్ల టిన్నుని హాలు ఈ చివర నుంచి ఆ చివరికి తోయించడం, గోడని రెండు చేతులతో "జరుపు చూద్దాం" అనడం, ఉతికిన దుప్పట్ల బుట్ట మేడ మీదికి మోయించడం. కండరాలూ కీళ్లూ గట్టిగా పనిచేస్తే మనిషి దిగొస్తాడు. దీనికి పైసా ఖర్చు లేదు. మూడేళ్లలో మాకు ఎక్కువసార్లు అక్కరకొచ్చింది నిజానికి నీళ్ల టిన్నే.

అదే ఊపులో, లోపల కూర్చుని గిరగిరా తిరిగే ప్లాస్టిక్ గిన్నె ఒకటి కూడా కొన్నాం. అది వద్దు. రాత్రి భోజనం తర్వాత తిరిగాడు, పదకొండింటి దాకా ఇల్లంతా గెంతాడు, ఆపైన వాంతి. మా ఆడపడుచు వాళ్లకి ఇచ్చేశాం. (ఇచ్చేముందు సంగతి చెప్పాం లెండి.)

బల్ల గురించి నేను మర్చిపోలేనిది 2024 సెప్టెంబరు మొదటి వారం. మా విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా ఆయన పెదనాన్న కొడుకు కుటుంబం మా ఫ్లాటుకి వచ్చింది. మా వైపు నీళ్లు రాలేదు. వాళ్ల పాపకి ఆరేళ్లు. రెండు రాత్రులు మేడ మీద గడిపి పడవలో వచ్చారు. పెద్దవాళ్లు ఫోన్లలో, ఏడుపుల్లో, ఎవరి బట్టలు ఎవరికి సరిపోతాయా అనే హడావుడిలో ఉన్నారు. ఆ పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. రెండో రోజు మధ్యాహ్నం చూస్తే బల్లలో నా పాత చీర మడిచి పరుచుకుని, దొప్పలో పడుకున్నట్టు పడుకుని, ఒక కాలు నేలకి ఆనించి తనే ఊపుకుంటోంది. చాలా మెల్లగా, ఒకే తీరున. మా వాడు పక్కన కూర్చుని చూస్తున్నాడు. "నీ టర్న్ అయిపోయింది, దిగు" అనలేదు, అది నాకు ఇంకో ఆశ్చర్యం. గంట పైనే ఊగింది. తర్వాత లేచి వచ్చి "పిన్నీ, పెరుగన్నం ఉందా?" అంది. బల్ల వల్లే అని నేననను. పక్కన పిల్లవాడు తోడుండటం, ఇల్లు పొడిగా ఉండటం, ఆకలి, అన్నీ ఉన్నాయి. ఆ వారమంతా ఆ పిల్లకి బల్లే మంచం.

ఇక లోపాలు. బల్ల కింద గీతలు పడకుండా అంటించిన ఫెల్ట్ గుడ్డ ఎనిమిదో నెలకే అంచుల్లో లేచింది. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే "సాధారణ వాడకంలో అలా జరగదు" అని జవాబు. ఐదేళ్ల పిల్లవాడు వాడే సాధారణ వాడకం ఇంకెలా ఉంటుందో వాళ్లకే తెలియాలి. ఫెవికాల్‌తో రెండుసార్లు అతికించి, చివరికి వన్‌టౌన్‌లో ఫెల్ట్ కొని కొత్తది వేశాం. చప్పుడు ఇంకో బాధ. మాది మూడో అంతస్తు. టైల్స్ మీద ఊగితే కింది ఫ్లాటులో ఎవరో రోట్లో దంచుతున్నట్టు వినిపిస్తుందట. అంకుల్ గారు రెండుసార్లు పైకి వచ్చారు, రెండోసారి ముఖం బాగోలేదు. మందపాటి రబ్బరు మ్యాట్ వేశాక సద్దుమణిగింది. అది 900 రూపాయలు, ధరలో కలుపుకోండి. వేళ్లు నలగడం నిజమైన ప్రమాదం. ఒకరు ఊగుతుంటే పక్కన కూర్చున్న చిన్నపిల్లలు అంచు కింద చెయ్యి పెడతారు. మా ఇంట్లో ఒక గోరు నల్లబడింది, అంతటితో పోయింది. సాక్సులతో ఎక్కనివ్వకండి, చెక్క జారుతుంది. మంచం కోడు, టీపాయ్ మూల లాంటివి దగ్గర్లో ఉండకూడదు. తలతిరుగుడు, ఫిట్స్, చెవి సమస్య ఉన్న పిల్లలైతే డాక్టరుని అడక్కుండా వద్దు.

చెక్క విషయంలో మాత్రం వంక పెట్టలేను. పొరలు పొరలుగా అతికిన చెక్క ఇన్ని వానాకాలాల్లో ఎక్కడా ఊడలేదు. 82 కిలోల మా ఆయన ఎక్కితే కిర్రుమంది తప్ప వంగలేదు.

మా అత్తయ్య మొదటి రోజే అంది: "చెక్కముక్కకి మూడువేల ఆరొందలా? మాకు అట్లతద్దికి చెట్టుకి ఉయ్యాల వేసేవాళ్లు, వీధిలో ఒప్పులకుప్ప తిరిగేవాళ్లం, గీతలు గీసి తొక్కుడుబిళ్ల." ఒప్పుకోక తప్పదు. తొక్కుడుబిళ్లలో ఒంటికాలు ఉంది, గీత తొక్కితే అవుటవడం ఉంది, అవుటయ్యాక పక్కన నిలబడి చూడాల్సిన బాధా ఉంది. ఆ చివరిది బల్ల నేర్పదు. మీ వీధిలో ఆడుకునే పిల్లలూ, దగ్గర్లో ఉయ్యాల ఉన్న పార్కూ ఉంటే డబ్బు దాచుకోండి. మేం కొన్నది మే నెల విజయవాడలో సాయంత్రం ఆరు దాటినా సెగ తగ్గదు కాబట్టి. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఈ బల్ల మీది పది నిమిషాలు ఆ లెక్కలోకి రావు. పరుగు పరుగే.

ఐదుకి మూడున్నర ఇస్తాను. ఫెల్ట్ సరిగా ఉండుంటే నాలుగు. పిల్లవాడిని దాని మీద ఎక్కించి పక్కన ఫోన్ చూసుకుందాం అనుకునేవాళ్లకైతే ఒకటిన్నర, ఎందుకంటే ఎదురుగా మనిషి లేకపోతే వారానికే మోజు తీరిపోతుంది.

ఇప్పుడు మా వాడు దాన్ని బోర్లించి దాని మీద కార్లు జారుస్తున్నాడు. ఎక్కి ఊగేది పరీక్షల రోజుల్లో, అదీ నేను చూడట్లేదనుకున్నప్పుడు. ఒక చివర ఫెల్ట్ మళ్లీ లేచింది. ఈ ఆదివారం వన్‌టౌన్ వెళ్లాలి, ఈసారి కాస్త మందంది తెస్తాను.