బాఖరాఖా, కొఖెమా? అమ్మానాన్నలతో వెళ్లడానికి ఏ ఊరు మేలు?

ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారంటే ఇక్కడ జర్మనీలో ఉన్న మనవాళ్లందరికీ ఒకటే టెన్షన్. పారిస్, స్విట్జర్లాండ్ ఎలాగూ చూపిస్తాం. మిగిలిన శనాదివారాల మాటేమిటి? నేనుండేది మైన్జ్‌లో. పొద్దున బయల్దేరి చీకటి పడేలోగా ఇంటికొచ్చేంత దూరంలో రెండు చిన్న ఊళ్లున్నాయి. రైన్ నది ఒడ్డున బాఖరాఖ్, మోజెల్ ఒడ్డున కొఖెమ్. ఫోటోల్లో చూస్తే రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కింద నది, దాని పక్కన చెక్క చట్రాల పాత ఇళ్లు, వెనక నిట్టనిలువు కొండ మీద ద్రాక్షతోటలు, పైన కోట. అందుకే ఎక్కడికెళ్లాలని ఎవరైనా అడిగితే "ఏదైనా ఒకటే" అనేవాణ్ని. ఈసారి వరుసగా రెండు శనివారాలు రెండు ఊళ్లకీ వాళ్లను తీసుకెళ్లాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ముందు ప్రయాణం సంగతి. ఇందులో పోటీయే లేదు. మైన్జ్ నుంచి బాఖరాఖ్‌కి పాసింజర్ రైల్లో ముప్పావుగంట. కొఖెమ్‌కి కోబ్లెంజ్‌లో బండి మారాలి, రెండు గంటలు అనుకోండి. రైన్‌లాండ్-ఫాల్జ్ రాష్ట్రం రోజు టికెట్ ఒకటి కొంటే ఐదుగురి దాకా కలిసి వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది నుంచి, శనాదివారాల్లో రోజంతా చెల్లుతుంది. ఎక్స్‌ప్రెస్ బండ్లెక్కితే మాత్రం చెల్లదు. మైన్జ్ నుంచి కోబ్లెంజ్ దాకా రైలు చాలామటుకు రైన్ పక్కనే పోతుంది కాబట్టి కొఖెమ్‌కి పట్టే ఆ ఎక్కువ సమయం వృథా అని నేననను. కిటికీ పక్క సీటు దొరికితే లోరెలై కొండతో సహా సగం రైన్ లోయ చూసేసినట్టే.

ఇక నది. మాది ధవళేశ్వరం. నది ఒడ్డు ఊరంటే మా అమ్మ లెక్కలో రేవుండాలి, మెట్లుండాలి, నీళ్లు చేతికందాలి. బాఖరాఖ్‌లో రైలు దిగి పది నిమిషాలు నడిచాక ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నదికి దారేదిరా?" అడగడంలో తప్పు లేదు. 1859లో వేసిన రైలు పట్టాలు ఊరి పాత కోటగోడను ఆనుకునే పోతాయి. పట్టాల అవతల హైవే, హైవే అవతల పార్కింగ్, పార్కు, ఇవన్నీ దాటాక రైన్. ఊళ్లో ఏ వీధిలో నిలబడినా నది కనపడదు, సరుకు రవాణా రైలు చప్పుడు మాత్రం వినపడుతుంది. ఒకప్పుడు ఈ ఊరు బతికిందే నది మీద. బింగెన్ దగ్గర నదిలో రాళ్లుండేవి. పైనుంచి వచ్చే వైన్ పీపాలను చిన్న పడవల్లో ఆ రాళ్లు దాటించి, ఇక్కడ పెద్ద ఓడల్లోకి ఎక్కించేవాళ్లు. అలా ఎక్కడెక్కడి తోటల వైనో బాఖరాఖ్ వైన్ పేరుతో అమ్ముడుపోయేది. తర్వాతి కాలంలో ఆ రాళ్లను పేల్చి దారి వెడల్పు చేశారు, ఈ రేవుతో పని తీరిపోయింది. ఊరు పెరగలేదు. నేటికీ జనాభా రెండు వేలకు అటూ ఇటూ. పెరగకపోవడం వల్లే పాతవి పాతవిగా మిగిలాయి.

కొఖెమ్‌లో రైలు ఊరికి అడ్డం రాదు. స్టేషన్ దాటగానే బండి ఊరి వెనకనుంచి కొండలోకి దూరిపోతుంది. 1879లో తెరిచిన ఆ సొరంగం పొడవు 4,205 మీటర్లు. నూరేళ్లకు పైగా జర్మనీలో అదే అన్నిటికన్నా పొడవైన రైలు సొరంగంగా ఉండేది. మోజెల్ అక్కడ ఇరవై కిలోమీటర్ల పైన మెలికలు తిరిగి వస్తుంది, రైలు నాలుగు కిలోమీటర్లలో తేల్చేస్తుంది. అందువల్ల ఊరికీ నీటికీ మధ్య ఒక రోడ్డు, చెట్ల కింద నడకదారి, అంతే. అమ్మ తిన్నగా వెళ్లి వంగి నీళ్లు తాకి నెత్తిన చల్లుకుంది. పక్కన బీరు తాగుతున్న పెద్దాయన ఆశ్చర్యంగా చూశాడు.

రెండు నదుల తీరూ వేరు. మోజెల్ మీద లాకులున్నాయి, అంటే పడవలను ఒక నీటిమట్టం నుంచి ఇంకోదానికి ఎక్కించే, దించే తలుపుల గదులు. మా ధవళేశ్వరం కాలవల మీద ఉన్న లాకులే, కాకపోతే చాలా పెద్దవి. ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ 1956లో ఒప్పందం రాసుకుని, 1964 నాటికి ఈ నదిని మెట్లుమెట్లుగా కట్టడి చేశాయి. అందుకే కొఖెమ్ దగ్గర మోజెల్ చెరువులా నిలబడి ఉంటుంది, కోట నీడ నీళ్లలో చెక్కుచెదరకుండా కనపడుతుంది. రైన్ అలా కాదు. ఎగువనున్న ఇఫెట్‌స్‌హైమ్ అనే ఊరి తర్వాత సముద్రం దాకా దానికి లాకుల్లేవు. బాఖరాఖ్ ముందు నీళ్లు ఉరుకుతుంటాయి. పైకి వెళ్లే సరుకు పడవ ఇంజిన్ రొప్పుతూ, మనిషి నడకంత మెల్లగా ఎక్కుతుంటే దిగువకు వెళ్లేది బాణంలా పోతుంది. నాన్న, నేను బెంచీ మీద కూర్చుని గంటసేపు ఇదే చూశాం. పడవ వెనక భాగంలో కెప్టెన్ కాపురం, కిటికీలకు లేసు తెరలు, పైన ఒక కారు. కొంచెం దిగువన కౌబ్ అనే ఊళ్లో నీటిమట్టం కొలిచే చోటుంది. 2018 అక్టోబర్‌లో అక్కడ 25 సెంటీమీటర్లకు పడిపోయింది. అది మొత్తం లోతు కాదు, కొలబద్ద మీద అంకె మాత్రమే. కానీ ఆ అంకెను బట్టే పడవలో ఎన్ని టన్నులు ఎత్తాలో లెక్కేస్తారు. బాఖరాఖ్ వైపు పడవలవాళ్లకు భయం నీళ్లు తగ్గితే, కొఖెమ్ వాళ్లకు భయం పెరిగితే. 1993 డిసెంబర్ వరద వీధుల్లోకి వచ్చింది. ఏ యేడు ఎంత ఎత్తుకొచ్చిందో గోడల మీద గీతలు పెట్టుకున్నారు. ఆ గీతలు చదవడం మాత్రం మా వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

రెండు కోటల కథ

రెండు ఊళ్ల కోటలనూ ఒకే యుద్ధంలో, ఒకే ఏడాది, 1689లో పద్నాలుగో లూయీ సైన్యం పేల్చేసింది. ఇప్పుడు కనపడేవి తర్వాత కట్టినవి. ఎవరు, ఎందుకు కట్టారన్న దగ్గరే తేడా అంతా.

కొఖెమ్ పైనున్న రైఖ్స్‌బుర్గ్ శిథిలాలను 1868లో లూయీ రావెనే అనే బెర్లిన్ వ్యాపారి కొన్నాడు. వేసవి విడిది కోసం పాత కోటల మోజుతో బురుజుల మీద బురుజులు లేపించాడు. పని సాగుతుండగానే, 1874లో, భార్య మరొకరితో వెళ్లిపోయింది. కోట 1877లో పూర్తయింది, 1879లో ఆయనా పోయాడు. 1978 నుంచి కోట ఊరిదే. లోపలికి గైడు వెంట వెళ్లాల్సిందే. చెక్కడాల పైకప్పులు, బరువైన సామాను, గోడల నిండా బొమ్మలు. నిజం చెప్పాలంటే నాకు అది పెద్ద సినిమా సెట్టులా అనిపించింది. అమ్మానాన్నలకు తెగ నచ్చింది. "కోటంటే ఇలా ఉండాలి" అన్నారు. సీజన్లో ఊళ్లోంచి పైకి షటిల్ బస్సుంటుంది. అమ్మ మోకాళ్లకు అది చాలా పెద్ద సంగతి. ఎదురుకొండ మీదికి కుర్చీల రోప్‌వే కూడా ఉంది. ఎక్కేటప్పుడు ఆగదు, కుర్చీ వస్తుంటే గబుక్కున కూర్చోవాలి, అదొక్కటి చూసుకోండి.

బాఖరాఖ్ పైనున్న ష్టాలెక్ కోటను ఇరవయ్యో శతాబ్దంలో మళ్లీ కట్టారు, యూత్ హాస్టల్ చేశారు. టికెట్ లేదు, గైడు లేడు. ప్రాంగణంలోకి ఎవరైనా వెళ్లొచ్చు, గది ఖాళీ ఉంటే రాత్రి పడుకోవచ్చు కూడా. కానీ ఊళ్లోంచి మెట్లెక్కి పోవాలి, నిలువు ఎక్కుడు. అమ్మ సగంలో ఆగిపోయి మమ్మల్ని వెళ్లమంది. అక్కడే కూర్చోబెట్టి ఆవిడకు ఈ కోట పెళ్లి కథ చెప్పాను. 1194 ప్రాంతంలో ఇక్కడి ప్రభువు కొన్‌రాడ్ కూతురు ఆగ్నెస్‌ను ఫ్రాన్స్ రాజుకివ్వాలని చక్రవర్తి ఆలోచన. తల్లి ఇర్మెన్‌గార్డ్ ఒప్పుకోలేదు. భర్త ఊళ్లో లేని సమయం చూసి, చక్రవర్తికి శత్రువైన వంశం కుర్రాణ్ని రహస్యంగా కోటకు రప్పించి పెళ్లి జరిపించేసింది. తండ్రికి తర్వాత తెలిసింది, చక్రవర్తికి ఇంకా తర్వాత. "తల్లి అంటే అది" అంది అమ్మ, నాన్న వైపు చూస్తూ.

ఎక్కేదారిలోనే వెర్నర్ చాపెల్ అనే చిన్న చర్చి ఉంది. పైకప్పు లేదు, అద్దాల్లేవు, ఎర్రరాయి తోరణాలు మాత్రం ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. 1689లో పైన కోటను పేల్చినప్పుడు పడ్డ రాళ్లు దీన్ని పాడుచేశాయి. ఈ లోయలో అందరూ ఫోటో తీసుకునే చోటు ఇదే, కానీ దీని పుట్టుక అందమైంది కాదు. 1287లో వెర్నర్ అనే పిల్లాడి శవం దొరికితే, యూదులే మతాచారం కోసం చంపారని పుకారు లేపారు. రైన్ వెంబడి, ఆపైన మోజెల్ దాకా, యూదుల ఊచకోత సాగింది. అది అబద్ధమని రాజు మొదటి రుడాల్ఫ్ అప్పుడే అన్నా, పిల్లాణ్ని పుణ్యాత్ముణ్ని చేసి గుడి కట్టారు. 1963లో గానీ చర్చి ఆ పేరును తన పండగల పట్టిక నుంచి తీసేయలేదు. యూదు కుటుంబంలో పుట్టిన కవి హైన్‌రిఖ్ హైనె ఈ ఊరి పేరుతోనే ఒక కథ మొదలుపెట్టి, 1840లో అసంపూర్తిగానే అచ్చువేశాడు. ఆ గోడల మధ్య నిలబడితే ఫోటో తీయాలన్న ఉత్సాహం కొంచెం తగ్గుతుంది. తగ్గాలి కూడా.

కొఖెమ్‌లో అంత బరువైనదేదీ లేదనుకుంటూ వెళ్లాను. నాన్న ఉద్యోగమంతా బ్యాంకు క్యాషు కౌంటర్లోనే గడిచింది. ఆయన కోసమని వంతెన దాటి కాండ్ వైపున్న బంకర్‌కి తీసుకెళ్లాను. పైన చూస్తే మామూలు ఇళ్లు. కింద 1962-64 మధ్య అప్పటి పశ్చిమ జర్మనీ రిజర్వు బ్యాంకు కట్టిన రహస్య ఖజానా. తూర్పు కమ్యూనిస్టు దేశాలవాళ్లు దొంగనోట్లు గుమ్మరించి మార్కును (అప్పటి జర్మన్ కరెన్సీ) ముంచేస్తే రాత్రికి రాత్రే నోట్లు మార్చేయడానికి, వేరే డిజైన్‌తో అచ్చువేసిన 1,500 కోట్ల మార్కులు ఇక్కడ దాచారు. చుట్టుపక్కల జనానికి ఆ సంగతి తెలియదు. ఒక్క నోటూ బయటికి రాలేదు, 1988లో అన్నీ నాశనం చేసేశారు. 2016లో మ్యూజియంగా తెరిచారు. మన నోట్ల రద్దు కూడా అదే ఏడాది కదా! నాన్నకు ఆ నవంబర్ క్యూలు గుర్తొచ్చాయి. "వీళ్లు కొత్త నోట్లు ముందే అచ్చేసి పెట్టుకున్నారన్నమాట" అని ఒకటికి మూడుసార్లు అన్నారు. లోపల చలి, స్వెట్టర్ తప్పనిసరి.

ఊరి నడక విషయంలో నా ఓటు బాఖరాఖ్‌కే. పాత కోటగోడ మీద నడవొచ్చు. ఒకచోట గోడ నడక ఇళ్లను రాసుకుంటూ పోతుంది, పక్కనే రైలు దూసుకుపోతుంది. 1368 నాటిదని చెప్పుకునే పాత ఇల్లు ఒకటి నాలుగువీధుల మూల మీద వంకరగా, కులాసాగా నిలబడి ఉంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి వీధుల్లో మేమూ, ఒక పిల్లీ. కొఖెమ్ ఐదు వేల పైచిలుకు జనమున్న జిల్లా కేంద్రం. ఎండాకాలం శనివారం అక్కడి ఇరుకు సందుల్లో టూరు బస్సుల జనం తిరునాళ్లలా ఉంటారు. మార్కెట్ స్క్వేర్ అందంగానే ఉంది, నిలబడి చూసే చోటుంటే.

తిండి దగ్గర రెండూ దొందూ దొందే. శాకాహారులకు ఉల్లిపాయలతో చేసే కేకులాంటి వంటకం తెప్పిస్తే అందులో పందిమాంసం ముక్కలొస్తాయి, అడిగి తీసుకోండి. కొఖెమ్‌లో హోటళ్లు ఎక్కువ కాబట్టి పిజ్జా అయినా దొరుకుతుంది. బాఖరాఖ్‌లో వంటగది మధ్యాహ్నం మూసేస్తే సాయంత్రం దాకా కేకూ కాఫీయే గతి. మేం పులిహోర డబ్బా రైన్ ఒడ్డున బెంచీ మీద ఖాళీ చేశాం. చలికాలంలో బాఖరాఖ్ దాదాపు నిద్రపోతుంది, తలుపులు మూసిన వీధులు చూడటానికి పెద్దవాళ్లను తీసుకెళ్లకండి. డిసెంబర్‌లో అయితే కొఖెమ్, క్రిస్మస్ సంత కోసం.

రాత్రి ఉండాలనుకుంటే? నది వైపు గది అందంగా ఉంటుందని బాఖరాఖ్‌లో తీసుకుంటే రైన్ రెండు ఒడ్డుల మీదా తెల్లవార్లూ గూడ్సు బండ్లు. చప్పుడెక్కువ చేసే పాత వ్యాగన్లను 2020 చివర్లో నిషేధించారు గానీ నిద్ర తేలికైనవాళ్లకు అది చాలదు. లోపలి వీధిలో గది అడగండి. అలా అడిగి ఒక రాత్రి ఉన్నాను. పడవల మీద వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆ ఊరు ఊళ్లోవాళ్లకు మిగులుతుంది, ఒక గ్లాసు రీస్లింగ్ (తెల్ల వైన్)తో వాకిట్లో కూర్చుంటే టైము తెలియదు. కొఖెమ్‌లో నాకు ఆ అనుభవం కలగలేదు.

నా తీర్పు ఇది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, చంకలో చిన్నపిల్లలు, చేతిలో ఒక్క రోజు ఉంటే కొఖెమ్. రెండు గంటల ప్రయాణమైనా సరే. స్నేహితులతోనో ఒంటరిగానో వెళ్తూ, ఎక్కే ఓపికా రాత్రి ఆగే వీలూ ఉంటే మారుమాట లేకుండా బాఖరాఖ్. రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు, మా కొలీగ్ ఒకతను చేశాడు, ఇంటికొచ్చాక ఏ కోట ఏ ఊరిదో చెప్పలేకపోయాడు.

మొన్న ఫోన్లో అమ్మ మా పెద్దమ్మకు జర్మనీ విశేషాలు చెబుతోంది. "కొఖెమ్‌లో నది చక్కగా అందుతుందే అక్కా. ఇంకో ఊరుంది, అక్కడ పట్టాల కిందనుంచి దూరి వెళ్తే గానీ నీళ్లు కనపడవు." కాసేపాగి, "కానీ పెళ్లి చేసిన ఆవిడది మాత్రం ఆ ఊరే" అంది.