జేబులో మాత్రా, పొద్దుటి మాత్రా, మెట్లెక్కడమా? పానిక్‌కి ఏది మేలు

నాకు పానిక్ అటాక్‌లు వచ్చేవని చుట్టాల్లో తెలిసిన దగ్గర్నుంచీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, మందులు వాడావా లేక కౌన్సెలింగా, ఏది పనిచేసింది అని. అదీ పదిమందిలో అడగరు, పెళ్లి భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట పక్కకి పిలిచి గొంతు తగ్గించి అడుగుతారు. విశాఖలో చినవాల్తేరు వెళ్లొచ్చానంటే ఇప్పటికీ ముసిముసి నవ్వులే కదా, ప్రభుత్వ మానసిక వైద్యశాల అక్కడ ఉండటమే ఆ పేట చేసుకున్న పాపం. అందుకే ఒకసారి అన్నీ పక్కపక్కన పెట్టి రాసేద్దామనుకున్నా. నేను డాక్టర్ని కాను. మూడేళ్లు ఈ దడతో కాపురం చేసినవాణ్ని, మధ్యలో దొరికినంత చదివినవాణ్ని, అంతే.

మొదటిది విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి గాజువాక వెళ్లే బస్సులో వచ్చింది. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగింది, లోపల కిక్కిరిసిన జనం, చెమట, ఉన్నట్టుండి గుండె టకటకా కొట్టుకోవడం మొదలైంది, ఆ వెంటనే వేళ్ల కొసల్లో, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు, గొంతుకి ఎవరో తువ్వాలు చుట్టి బిగించినట్టు, ఇక నా పని అయిపోయిందనిపించింది. కండక్టరు "ఏటైందండీ, ఏటైంది" అంటూ బస్సు ఆపించి ఆటో ఎక్కించాడు. ఒక ఆస్పత్రి క్యాజువాలిటీలో ఛాతీకి చల్లటి జెల్లీ రాసి రబ్బరు బుడగలు అంటించారు. వాటిలో ఒకటి చెమటకి ఊడి ఊడి పడుతుంటే నర్సమ్మ విసుక్కుంటూ మళ్లీ మళ్లీ అంటించడం ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే సరిగ్గా ఆ గొడవలోనే నా దడ తగ్గిపోయింది. ఈసీజీ నార్మల్. గ్యాస్ అన్నారు, ఇంజెక్షన్ చేసి పంపారు. ఆర్నెల్లలో మూడుసార్లు ఇదే తంతు, మూడుసార్లూ గ్యాసే. పానిక్ అనే మాట ఒక్కరూ ఎత్తలేదు.

మొదటిసారి ఈసీజీ తీయించడం అనవసరం అని నేననట్లేదు, అది తప్పనిసరి. నలభై దాటినవాళ్లూ, సుగరూ బీపీ ఉన్నవాళ్లూ అయితే మరీనూ. థైరాయిడ్ ఎక్కువైనా దడే, రక్తం తక్కువైనా దడే. ఇవన్నీ చూసి ఏమీ లేదని తేలాక కూడా అదే దడకి మళ్లీ మళ్లీ ఈసీజీకి పరుగెత్తుతున్నాం చూశారా, అసలు జబ్బు అక్కడుంది.

మామూలు టెన్షన్‌కి కారణం చూపించొచ్చు, ఈఎంఐ, పిల్లాడి మార్కులు, ఆఫీసులో మేనేజరు. అది రోజంతా సన్నగా సాగుతుంది. పానిక్ అలా కాదు, ఉన్నపళంగా ఎగసి, మామూలుగా పది నిమిషాల్లోనే పతాక స్థాయికి వెళ్లి, మనం ఏం చేసినా చేయకపోయినా అరగంటకి కాస్త అటూ ఇటూగా దిగిపోతుంది. ఒకసారి వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. మళ్లీ వస్తుందేమో అన్న భయం నెల దాటినా వదలక, దానికోసం బస్సు మానేసి, లిఫ్టు మానేసి, సినిమా హాల్లో తలుపు పక్క సీటే కావాలని బతకడం మొదలైతే దాన్ని పానిక్ డిజార్డర్ అంటారు. ఈ తిరగలి ఎలా తిరుగుతుందో 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్టు వివరించాడు. గుండె ఏదో కారణానికి కాస్త వేగం పుంజుకుంటుంది, మనం దాన్ని హార్ట్ ఎటాక్ అనుకుంటాం, భయపడతాం, భయానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, చూశావా నేననుకున్నదే నిజం అనుకుంటాం. ఏ వైద్యమైనా ఈ తిరగలిని ఎక్కడో ఒకచోట పట్టుకుని ఆపాల్సిందే, ఎక్కడ పట్టుకుంటుందన్నదే తేడా.

ముందు జేబులో మాత్ర సంగతి. ఆల్ప్రజోలం లాంటివి. నాలుగోసారి దడ వచ్చినప్పుడు ఒక డాక్టరు గారు చీటీ మీద ఇది రాసి, దడ వస్తే ఒకటి వేసుకోండి అన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. వేసుకుంటే హాయిగా ఉంటుంది, అబద్ధం ఎందుకు. కాకపోతే ఒక తిరకాసు ఉంది. మింగిన మాత్ర పనిచేయడానికి కూడా ఇరవై నిమిషాలో అరగంటో పడుతుంది, ఈలోపు అటాక్ దానంతటదే దిగడం మొదలెడుతుంది, పేరు మాత్రం మాత్రకి వస్తుంది. నా స్ట్రిప్పు షర్టు జేబులో ఉండి ఉండి అంచులు మెత్తబడి, వెనక రేకు మీద అక్షరాలు చెరిగిపోయాయి. పదింట్లో మింగినవి రెండే రెండు. అయినా అది జేబులో లేకపోతే సందు చివర కిరాణా కొట్టుకి కూడా వెళ్లలేకపోయేవాణ్ని. గుమ్మం దాటాక జేబు తడుముకోవడం, లేకపోతే వెనక్కి రావడం.

రోజూ వేసుకునేవాళ్ల కథ ఇంకా కష్టం. కొన్ని వారాల్లోనే ఒళ్లు అలవాటు పడుతుంది, ఒక్కసారిగా మానేస్తే నిద్ర పోతుంది, వణుకొస్తుంది, ఎక్కువ మోతాదు వాడినవాళ్లకి ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో కలుపుతూ పట్టుబడేది ఈ ఆల్ప్రజోలమే, 2020 లాక్‌డౌన్‌లో ఆ కల్లు దొరక్క వణికిపోతూ ఆస్పత్రుల్లో చేరినవాళ్ల వార్తలు అందరం చదివాం. మన దేశంలో ఇది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే షాపువాళ్లు రిజిస్టరులో రాసుకోవాలి. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలైతే పానిక్ డిజార్డర్‌కి ఈ జాతి మాత్రలు రాయొద్దనే చెబుతున్నాయి. మన దగ్గర డాక్టర్లు మొదటి రెండు మూడు వారాలు, అసలు మందు, అంటే తర్వాత చెప్పబోయే పొద్దుటి మాత్ర, పనిలోకి దిగేదాకా, తోడుగా ఇస్తుంటారు, ఆ మేరకైతే అర్థం చేసుకోవచ్చు. దాన్నే వైద్యం అనుకోవడంతోనే పేచీ.

పొద్దుటి మాత్ర వేరే జాతి. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్, ఇలాంటివి. వీటిని డిప్రెషన్ మాత్రలు అంటారు కాబట్టి మా బావ "నీకు డిప్రెషన్ లేదు కదరా, ఇవెందుకిచ్చారు?" అని తెగ బాధపడిపోయాడు. పానిక్‌కీ ఇవే ఇస్తారు బావా అంటే నమ్మలేదు. ఇవి ఆ పూటకి పనిచేసేవి కావు, గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి పది రోజులు కొందరికి గాబరా తగ్గకపోగా కాస్త పెరుగుతుంది, అందుకే పానిక్ ఉన్నవాళ్లకి చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోవడం వల్ల ఐదో రోజున మందు పడలేదని మానేసినవాళ్లు నాకు తెలిసి ముగ్గురున్నారు. వికారం, నిద్రలో తేడా, కొందరికి పడగ్గది సమస్యలు ఉంటాయి, ఆ చివరిదాన్ని సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకి చెబితే మందు మార్చడమో మోతాదు సర్దడమో చేస్తారు. ఆల్ప్రజోలంలా మత్తుకి అలవాటు చేసేవి కావు కానీ హఠాత్తుగా ఆపితే కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం ఉంటాయి, కాబట్టి మెల్లగా దించుకుంటూ రావాలి. బాగైపోయాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడమంటారు. ఖర్చు తక్కువ, జనరిక్ అయితే మరీ తక్కువ, రోజుకి ఒక నిమిషం పని. ఇంట్లోంచి కదలలేని స్థితిలో ఉన్నవాళ్లకి ఇదే ముందు. నేను పద్నాలుగు నెలలు వాడాను, నన్ను మంచం మీంచి లేపింది ఇదే.

కానీ బస్సెక్కించలేదు. దడ తగ్గింది, బస్సంటే భయం అలాగే ఉంది, గాజువాక వెళ్లాలంటే స్కూటరే.

బస్సెక్కించింది మూడోది, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) అనే మాటల వైద్యం. నిజానికి మాటలు తక్కువ, చేతలే ఎక్కువ. నేను వెళ్లిన సైకాలజిస్టు మేడమ్ మూడో సిట్టింగ్‌లో నా చేతికి సన్నటి కూల్‌డ్రింక్ స్ట్రా ఇచ్చి, ముక్కు మూసుకుని దీంతో మాత్రమే ఒక నిమిషం గాలి పీల్చండి అన్నారు. డబ్బులిచ్చి మరీ ఆయాసం తెచ్చుకోవడమా అనుకున్నా. ఇరవై సెకన్లకి స్ట్రా విసిరేసి జేబు తడుముకున్నా. ఆవిడ కంగారు పడలేదు, "భయం నూటికి ఎంత?" అని అడిగి కాగితం మీద 90 వేసుకుని, మళ్లీ అన్నారు. అయిదోసారికి ఆయాసం అంతే ఉంది, భయం మాత్రం 40కి దిగింది. ఇంటి దగ్గర మా అపార్ట్‌మెంట్ ఐదంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కి, పైన గోడకి ఆనుకుని గుండె చప్పుడు వింటూ ఊరికే నిలబడాలి, నీళ్లు తాగకూడదు, కూర్చోకూడదు, నాడి చూసుకోకూడదు. రెండో అంతస్తు పిన్నిగారు పాపం రోజూ లిఫ్టు పాడైందేమో అనుకునేవారు. కుర్చీలో గిరగిరా తిరగడం కూడా ఉంది. దీని కిటుకల్లా ఒకటే, భయపెట్టే దడని మనమే తెచ్చుకుని, దానివల్ల ఏమీ కాలేదని మెదడుకి చెప్పడం కాదు, చూపించడం. పానిక్‌లో కళ్లు తిరిగినట్టున్నా పడిపోవడం అరుదు, ఎందుకంటే ఆ సమయంలో బీపీ పడిపోదు, పెరుగుతుంది. తిమ్మిర్లు గాలి చాలక వచ్చేవి కావు, గాలి ఎక్కువ పీల్చేసి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోవడం వల్ల వచ్చేవి. ఈ రెండు ముక్కలు పుస్తకంలో చదివినప్పుడు తలూపాను. మెట్ల మీద నమ్మాను.

తర్వాత బస్సు. మొదటి వారం స్టాపులో నిలబడి బస్సులు పోనివ్వడం, రెండో వారం ఒక స్టాపు, తర్వాత మూడు, ఆపైన సాయంత్రం రద్దీలో ఎన్ఏడీ దాకా. చివర్లో స్ట్రిప్పు ఇంట్లో పెట్టి.

దీని లోపాలూ చెప్పాలి. ఏడు నుంచి పద్నాలుగు గంటల సిట్టింగులు మామూలుగా పడతాయి, ఒక సిట్టింగు ఫీజుతో నెల మందులు వచ్చేస్తాయి, పైగా హోంవర్కు ఎగ్గొడితే సున్నా. నేర్చినవాళ్లు దొరకడం ఇంకో తలనొప్పి. కౌన్సెలర్ అని బోర్డు పెట్టినవాళ్లంతా ఇది చేయరు. నేను మొదట కలిసిన ఒకాయన గంటసేపు పాజిటివ్‌గా ఆలోచించండి అని చెప్పి పంపేశారు, ఆ మాట మా అమ్మ ఉచితంగా చెబుతుంది. క్లినికల్ సైకాలజిస్టు అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, సీబీటీలో ఎక్స్‌పోజర్, అంటే నాకు స్ట్రాతో, మెట్లతో, బస్సుతో చేయించినట్టు భయాన్ని ఎదురుగా చూపించడం, చేయిస్తారా అని కూడా అడగండి, మొహమాటం వద్దు.

ఇక ప్రాణాయామం, బీచ్‌లో నడక. పొద్దున్నే ఆర్‌కే బీచ్ రోడ్డులో వాహనాలు ఆపేస్తారు కదా, అక్కడ కురుసుర సబ్‌మెరైన్ దాకా చురుగ్గా నడిచి రావడం నాకు చాలా మేలు చేసింది. ఎందుకంటే గుండె వేగంగా కొట్టుకున్నా భయపడక్కర్లేని చోటు అది. నెమ్మదిగా వదిలే ఊపిరి మంచిదే, కానీ కపాలభాతి, భస్త్రిక లాంటి వేగం ఊపిర్లు కొందరికి పానిక్‌లో వచ్చే తిమ్మిర్లనే తెచ్చిపెడతాయి, ముందే తెలిసి చేస్తే పర్లేదు, తెలియకపోతే అదో అటాక్. కాగితం సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కా ఇప్పుడెవరూ చెప్పట్లేదు, నిజంగా గుండె జబ్బో ఆస్తమానో అయితే ప్రమాదం. ఇంకొకటి, అటాక్ వచ్చిన ప్రతిసారీ ఊపిరి లెక్కపెట్టకపోతే చచ్చిపోతాననుకుంటే అది కూడా జేబులో మాత్రే, రేకు లేదంతే. దిష్టి గురించి అడుగుతారేమో, అమ్మ ఎండుమిరపకాయలతో తీసింది, దగ్గొచ్చింది, నష్టం లేదు.

మరి మందూ, సీబీటీ రెండూ కలిపితే? ఇదే ప్రశ్నతో డేవిడ్ బార్లో అనే సైకాలజిస్టు బృందం అమెరికాలో 312 మందిని చూసి 2000లో ఫలితాలు వేసింది. అప్పటి మందు ఇమిప్రమిన్, పాత తరం డిప్రెషన్ మాత్ర. వైద్యం నడుస్తున్నంత కాలం మందూ పనిచేసింది, సీబీటీ కూడా పనిచేసింది. అన్నీ ఆపేసి ఆరు నెలలు పోయాక చూస్తే సీబీటీ మాత్రమే చేసినవాళ్లు ఎక్కువ నిలబడ్డారు, కలిపి తీసుకున్నవాళ్లకి అదనంగా దక్కిందేమీ మిగల్లేదు. మందు వేసుకుంటూ చేస్తే మెదడు ఆ క్రెడిట్ మందుకి ఇచ్చేస్తుందేమో అని నా ఊహ, నా స్ట్రిప్పు కథ అదే కాబట్టి.

కాబట్టి ఒకటే ఎంచుకోమంటే నేను సీబీటీ అంటాను. ఇల్లు దాటలేకపోతున్నా, డిప్రెషన్ కూడా ఉన్నా, మంచి సైకాలజిస్టు అందుబాటులో లేకున్నా పొద్దుటి మాత్రతో మొదలుపెట్టండి, నేను చేసిందీ అదే, దానికి సిగ్గు అక్కర్లేదు. గర్భవతులూ, పాలిచ్చే తల్లులూ సొంతంగా మందు మొదలుపెట్టొద్దు, ఉన్నదాన్ని సొంతంగా ఆపనూ వద్దు, డాక్టర్ని అడగాలి. ఏది ఎక్కడ దొరుకుతుందో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదనిపిస్తుంటే ఏది మేలు అని లెక్కలేస్తూ కూర్చోకుండా ఈరోజే చేయండి.

అమ్మ అప్పట్లో సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది, మొన్న తీర్చడానికి వెళ్లాం, బస్సులోనే, చందనోత్సవం నాడు కాదులెండి, అంత ధైర్యం మామూలువాళ్లకే ఉండదు. క్యూలో ఇనప కమ్మీల మధ్య ముందూ వెనకా కదలడానికి లేనప్పుడు దడ మొదలైంది. చెయ్యి దానంతటదే షర్టు జేబు మీదకి వెళ్లింది, అందులో బస్సు టికెట్లున్నాయి. అమ్మ నా మొహం చూసి "ఏట్రా, మళ్లీ వచ్చిందేటి?" అంది.

"వచ్చిందమ్మా. ఉండనీ కాసేపు."

లైను కదిలింది.