సహజ రంగుల దారం కొంటున్నారా? కుట్టే ముందు తడిపి చూడండి

ఎంబ్రాయిడరీ, అల్లికలు చేసేవాళ్లు ఓ నిమిషం ఆగి ఇది చదవండి. మంజిష్ఠ వేరుతో అద్దిన ఎరుపని చెప్పి ఆన్‌లైన్‌లో నాకు అంటగట్టిన నూలు దారం తొలి తడుపులోనే రంగు వదిలేసింది. చన్నీళ్లే, సబ్బు కూడా వెయ్యలేదు. పువ్వు అంచుల నుంచి తెల్లగుడ్డ మీదికి గులాబీ చార పాకుతూనే ఉంది. నెలల పని బూడిదలో పోసిన పన్నీరైంది.

అమ్మినవాళ్లను అడిగితే, "సహజ రంగులు కదండీ, దిగుతాయి" అన్నారు. నా ఒళ్లు మండింది ఇక్కడే. చిన్నప్పటి నుంచీ రంగులూ దారాలే నా లోకం, ఈ కబుర్లు నా దగ్గరా? నూలుకి సరిగ్గా పటిక పట్టించి, సన్నని వేడి మీద అద్ది, బాగా ఉతికితే మంజిష్ఠ ఎరుపు అంత తేలిగ్గా వదలదు. పైపైన మిగిలిన రంగు కొంత పోతుంది, తర్వాత నీళ్లు తేటపడాలి. నీలిమందు సంగతి వేరు. అది పోగు పైనే ఎక్కువగా నిలుస్తుంది కాబట్టి రుద్దితే వేళ్లకు కాస్త అంటుతుంది. అలాగని సిరాలా కారకూడదు.

బీట్‌రూట్‌తో అద్దిన గులాబీ అంటే అసలు కొనకండి, ఆ రంగు గుడ్డ మీద నిలవదు. మెరిసే చిలకపచ్చ కనిపిస్తే ఎలా తెచ్చారో అడగండి. మామూలుగా పసుపు రంగు మీద నీలి ముంచి ఆకుపచ్చ తెస్తారు, నిజంగా అద్దినవాళ్లు తడుముకోకుండా చెబుతారు. నీలిలో మాత్రం మోసం ఇంట్లో పట్టుకోలేం. 1897 నుంచి ఫ్యాక్టరీ నీలి బజారులో ఉంది, దాంట్లోనూ, మొక్క నుంచి తీసిన నీలిలోనూ రంగునిచ్చే పదార్థం ఒకటే. ఫ్యాక్టరీ రంగు మీద నాకు కోపం లేదు. ఆ ముక్క చెప్పి ఆ ధరకే అమ్మమనండి.

దారం రాగానే జానెడు ముక్క కత్తిరించి, గోరువెచ్చని సబ్బునీళ్లలో తడిపి, తెల్ల నూలుగుడ్డ మడతలో పెట్టి ఆరనివ్వండి. మరో ముక్కని సగం అట్టతో కప్పి కొన్నాళ్లు ఎండ తగిలే కిటికీలో ఉంచండి. వెలిసిందో లేదో రెండు సగాలూ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది.

నాకు డబ్బు తిరిగి రాలేదు, "వాడేసిన సరుకు" అన్నారు. అందుకే వాపసు గడువు ఎన్నాళ్లో ముందే కనుక్కోండి. కనీసం తడుపు పరీక్షైనా ఆ గడువులోపే చేసి, మరక పడిన గుడ్డని ఫొటో తీసి పెట్టుకోండి.