ఎనిమిది నెలల దగ్గు డైరీ: ఒక పాత కండక్టర్ రివ్యూ

మార్కులు ముందే వేసేస్తాను. రోజూ దగ్గు లెక్క రాసుకునే పుస్తకానికి ఐదుకి మూడున్నర, క్లినిక్ సిస్టర్ దగ్గర్నుంచి ఆదివారం వచ్చే ఫోన్‌కి ఐదుకి ఐదు, అదే లెక్క రాసే యాప్‌కి రెండు. ఆ రెండులో ఒకటి మనవడి మొహం చూసి వేసింది.

నాకు 2004లో టీబీ వచ్చింది. ఆరు నెలలు మందులు మింగాను, తగ్గింది, మళ్లీ తెనాలి డిపోలో డ్యూటీ ఎక్కాను. టీబీ పోయింది గానీ కుడి ఊపిరితిత్తిలో గాలి గొట్టాలు సాగిపోయి అలాగే ఉండిపోయాయి. దీన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. వాలు లేని కాలువలో నీళ్లు నిలిచి పాచి పట్టినట్టు, ఆ గొట్టాల్లో కళ్లె నిలుస్తుంది, అందులో సూక్ష్మజీవులు కాపురం పెడతాయి. నాకు ఏడాదికి రెండు మూడుసార్లు అవి రెచ్చిపోయి మంచం ఎక్కిస్తాయి. మా అమ్మాయి ఫిజియోథెరపిస్టు. 2019లో అచ్చయిన ఎంబార్క్-ఇండియా అనే అధ్యయనం లెక్కలు చూపించింది. దేశంలో 31 చోట్ల 2195 మంది ఈ జబ్బువాళ్లని చూస్తే మూడో వంతుకి పైగా మందికి మూలం పాత టీబీయేనట. "నువ్వొక్కడివే కాదు నాన్నా" అంది. బస్సు నిండానే ఉన్నాం అన్నమాట.

ఇక పుస్తకం. విజయవాడలో నేను చూపించుకునే క్లినిక్‌లో ఇస్తారు. పాస్‌బుక్ సైజు, మూడు నెలలకి సరిపోతుంది, 120 రూపాయలు. రోజుకో వరస. దగ్గు, కళ్లె ఎంత, ఏ రంగు, ఆయాసం, నీరసం, జ్వరం, రక్తం. అట్ట లోపలి వైపు కళ్లె రంగులు పోల్చుకోడానికి మూడు ఫొటోలు. చూడ్డానికి అంత బాగోవు గానీ పుస్తకం మొత్తంలో పనికొచ్చేవి అవే. నేను వాటికి గంజి, పెసరకట్టు, గోంగూర అని పేర్లు పెట్టుకున్నాను. పొద్దున కాఫీ దగ్గర ఈ పేర్లు ఎత్తకూడదని మా ఆవిడ ఆర్డరు.

ఒకటిన్నర మార్కులు ఎందుకు కోశానంటే, ఒకటి, భాష. "శ్లేష్మ స్నిగ్ధత" అని ఒక గడి ఉంది. అదేదో డాక్టర్లు నింపుకునేది అనుకుని మూడు వారాలు ఖాళీగా వదిలేశాను. జిగట అట! రెండోది, కళ్లె ఎన్ని స్పూన్లో రాయమంటారు. మా ఇంట్లో స్పూన్లు నాలుగు రకాలు. చివరికి పాత దగ్గు సిరప్ మూత ఒకటి పక్కన పెట్టుకున్నాను. దాని మీద 5, 10 ఎంఎల్ గీతలుంటాయి. ఇప్పుడు నా లెక్కంతా మూతల్లోనే.

అసలు లోపం ఇంకోటి ఉంది. నాలాంటివాడికి దగ్గు లేని రోజంటూ ఉండదు. డాక్టరుకి కావలసింది దగ్గు ఎంత ఉందని కాదు, నా మామూలు రోజు కంటే ఎంత పెరిగిందని. ఆ మామూలు ఏమిటో రాసుకోడానికి పుస్తకంలో చోటే లేదు. సిస్టరే మొదటి పేజీ పైన ఎర్ర పెన్నుతో రాసిచ్చింది: "మామూలు: దగ్గు 1, ఒక మూత, పెసరకట్టు, మెట్లు ఆగకుండా." కింద ఇంకో వాక్యం: వీటిలో ఏ మూడైనా రెండు రోజుల పాటు పెరిగి ఉంటే ఫోన్ చేయండి, రక్తం పడితే రెండు రోజులు ఆగకండి. నన్నడిగితే ఆ పేజీకే 120 ఇవ్వొచ్చు.

పుస్తకం చేతికి రాగానే నాకు ఎస్సార్, అంటే కండక్టర్లు టికెట్ల లెక్క రాసే షీటు, గుర్తొచ్చింది. టికెట్లు కొట్టే టిమ్స్ మిషన్లు రాకముందు స్టేజీ స్టేజీకీ టికెట్ నంబర్లు ఎస్సార్‌లో ఎక్కించాలి. రద్దీలో రెండు స్టేజీలు వదిలేస్తాం, ఎదర చెకింగ్ జీపు కనబడగానే గబగబా నింపేస్తాం. ఇన్‌స్పెక్టర్‌కి చూడగానే తెలిసిపోయేది. కదిలే బస్సులో రాసిన అంకె వేరు, ఆగిన బస్సులో రాసిన అంకె వేరు.

ఇంత తెలిసినవాణ్ణి, నేనూ అదే చేశాను. సంక్రాంతికి అమ్మాయి వాళ్లింటికి వెళ్తూ పుస్తకం ఇంట్లో మరిచిపోయాను. తొమ్మిది రోజులు. డాక్టరుగారిని చూడాల్సిన రోజు విజయవాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని తొమ్మిది వరసలూ నింపేశాను, అన్నీ రెండ్లే. ఆయన పేజీలు తిప్పుతూ అక్కడ ఆగారు. ఇంట్లో బల్ల మీద రాసిన గుండ్రటి అంకెల మధ్య ఆ తొమ్మిది వరసలూ గతుకుల్లో ఊగుతున్నాయి. "ఇవి బస్సులో రాశారాండీ?" అన్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క చార్జిషీటు లేనివాణ్ణి, అక్కడ దొరికిపోయాను. ఆయన తిట్టలేదు. తొమ్మిది వరసల మీదుగా ఎర్ర గీత గీసి, ఈసారి మరిచిపోతే ఖాళీగా వదిలేయమన్నారు.

అమ్మాయికి చెబితే నవ్వి, 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఒకటి చెప్పింది. దీర్ఘకాలపు నొప్పులున్న 80 మంది మీద చేశారట. కొందరికి కాగితం డైరీలిచ్చి, అట్ట ఎప్పుడు తెరుస్తున్నారో వెలుతురుని బట్టి పసిగట్టే పరికరం లోపల దాచారు. నూటికి 90 సార్లు టైముకే రాసినట్టు వాళ్లు చూపించారు. నిజంగా రాసింది 11 సార్లు. మఫ్టీలో ఇన్‌స్పెక్టర్ ఎక్కినట్టే. మిగతావాళ్లకి ఎలక్ట్రానిక్ డైరీ ఇస్తే 94 శాతం టైముకి రాశారట. కాబట్టి యాప్‌ని మరీ తీసిపారేయను. రెండో మార్కు అందుకే. కానీ నాకు మనవడు ఎక్కించిన యాప్ రాత్రి తొమ్మిదికి గంట కొడుతుంది. నా కళ్లె తెల్లారి ఐదున్నరది. పైగా ఫోన్ మార్చినప్పుడు పందొమ్మిది రోజుల లెక్క ఎగిరిపోయింది.

ఫిబ్రవరిలో పుస్తకం తన ఖరీదు రాబట్టుకుంది. ఒక మంగళవారం దగ్గు 2, మూత నిండి ఇంకో సగం. పెద్దగా ఏమీ అనిపించలేదు. బుధవారం దగ్గు 3, రెండున్నర మూతలు, గోంగూర. మేడ మెట్ల మధ్యలో ఒకసారి ఆగాను. గురువారమూ అంతే. ఇదివరకైతే పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్లేవాణ్ణి. ఈసారి క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఆదివారం ఫోన్ చేసే సిస్టరే ఎత్తింది. మూడు రోజుల అంకెలూ చదివించుకుని, "బాబాయిగారూ, ఏ యాంటీబయాటిక్కూ మింగకుండా రేపు పొద్దున కళ్లె పట్టుకుని రండి" అంది. ముందే మందు పడితే పరీక్షలో క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు దేనికి మందు ఇస్తున్నామో తెలియదు. రెండు డబ్బాలిచ్చాను, ఒకటి క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకి, ఇంకోటి మళ్లీ టీబీయేమోనని. టీబీ కాదు. సూడోమోనాస్ అనే క్రిమి అని వచ్చింది. పద్నాలుగు రోజుల మాత్రలు రాశారు. తొమ్మిదో రోజుకి రంగు పెసరకట్టుకి దిగింది, పన్నెండో రోజు ఆగకుండా మేడెక్కాను. అడ్మిట్ కాకుండా గట్టెక్కడం మూడేళ్లలో ఇదే మొదటిసారి.

ఈ ఆదివారం ఫోన్ లేకపోతే నేను పుస్తకానికి రెండు మార్కులే వేసేవాణ్ణి. అవతల అడిగే మనిషి ఉన్నందుకే రాస్తున్నాను. మీ డాక్టరు పుస్తకం ఇచ్చి మళ్లీ చూడనే చూడకపోతే డబ్బు దండగ.

ఇప్పుడు మూడో పుస్తకం నడుస్తోంది. చొక్కా జేబులో పడుతుంది, చిన్న పెన్సిల్ దారంతో కట్టుకున్నాను. ప్రతి పేజీలో "స్నిగ్ధత" కొట్టేసి "జిగట" అని రాసుకోవడం ఒక గంట పని అయింది.