కెనాన్ జీ7 ఎక్స్ మార్క్ 2: మనవాళ్ల ముఖాలు తీయడానికి నేను చెప్పే కెమెరా

ఇంట్లోవాళ్లనీ, చుట్టాలనీ, స్నేహితులనీ బాగా ఫొటో తీయాలి, పెద్ద కెమెరా మోయలేను, ఏది కొనమంటావు అని ఎవరడిగినా నా జవాబు ఇదే. 2016లో వచ్చిన మోడల్, కాబట్టి ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే వెతుక్కోవాలి. అయినా సరే, ఇదే చెప్తాను. కారణం దాని లెన్స్.

24 నుంచి 100 ఎంఎం దాకా జూమ్ (అంకె పెరిగేకొద్దీ ఎదుటివి దగ్గరగా కనిపిస్తాయి). వైడ్‌లో, అంటే 24 దగ్గర, ఎఫ్ 1.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది), జూమ్ చివరికి వెళ్లినా ఎఫ్ 2.8 దగ్గరే ఆగుతుంది. ఈ సైజు కెమెరాల్లో చాలావాటికి జూమ్ చేసేకొద్దీ వెలుతురు పడిపోతుంది. సోనీ ఆర్‌ఎక్స్100 మొదటి మోడల్ చూడండి, అది కూడా మంచి కెమెరానే, కానీ 100 ఎంఎం దగ్గర ఎఫ్ 4.9కి వచ్చేస్తుంది. ముఖాలు తీసేవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఆ చివరి భాగమే. ఫోన్ మెయిన్ కెమెరా వైడ్‌గా ఉంటుంది, ముఖం ఫ్రేమ్ నిండా రావాలంటే మనం మరీ దగ్గరికి వెళ్లాలి, అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు వెనక్కి పోయినట్టు వస్తాయి. నా మొహం ఫొటోలో బాగోదు అనేవాళ్లలో సగంమంది మొహానికి ఏ లోపమూ లేదు, తీసినవాళ్లు దగ్గరగా నిలబడ్డారు, అంతే. ఈ కెమెరాతో రెండు మీటర్లు వెనక్కి జరిగి, జూమ్ పూర్తిగా లాగి తీయండి. ముఖం ఎలా ఉందో అలాగే వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది, అంత దూరంలో ఉంటే ఎదుటివాళ్లు బిగుసుకుపోరు, మా అత్తయ్య ఆవకాయ కలుపుతూ కబుర్లు చెప్తూనే ఉంటుంది, నా పని నేను చేసుకుంటాను.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ గురించి మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. సెన్సార్, అంటే వెలుతురుని పట్టే చిప్, 13.2 x 8.8 మిల్లీమీటర్లు, చాలా ఫోన్ల కంటే పెద్దదే గానీ డీఎస్‌ఎల్‌ఆర్ అంత కాదు. మనిషిని గోడకి ఆనించకుండా నాలుగైదు అడుగులు ముందుకి రమ్మంటే వెనకంతా మెత్తగా కలిసిపోతుంది. ఆ బ్లర్ లెన్స్ నుంచి వచ్చిందే కాబట్టి ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్‌లోలాగా జడలో మల్లెపూలు సగం మాయమవడం, జుంకా అంచు కత్తిరించినట్టు ఉండడం ఇందులో ఉండవు. నాకు ఇది చాలా ముఖ్యం.

స్క్రీన్ పైకి 180 డిగ్రీలు తిరుగుతుంది. సెల్ఫీల కోసమని అంటారు గానీ నేను పిల్లల కోసం వాడతాను. కెమెరాని వాళ్ల ఎత్తుకి దించి, స్క్రీన్‌ని కాస్త పైకి వంచి, ముఖం మీద వేలితో తాకితే ఫోకస్ అక్కడికి వెళ్తుంది. మన ముఖానికి కెమెరా అడ్డం ఉండదు, మాట్లాడుతూనే తీయొచ్చు. ఎండలో ఎఫ్ 2.8 పెడితే షటర్ వేగం సెకనులో 1/2000 వంతు దాటదు కాబట్టి ఫొటో మరీ తెల్లగా అయిపోయే ప్రమాదం ఉంది, దానికి లోపలే వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఇచ్చారు, ఆటోలో పెట్టి మర్చిపోండి. అసలు మిట్టమధ్యాహ్నం ఎండలో ఎవరినీ నిలబెట్టకండి, కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. గుమ్మం దగ్గరో వరండాలోనో, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోబెడితే చాలు. గోడ ఆకుపచ్చదైతే దూరంగా జరపండి, ఆ రంగు బుగ్గల మీదకి వస్తుంది.

లోపాలు: కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఎండలో స్క్రీన్ సరిగా కనపడదు. ఒక్క ఛార్జికి సుమారు 265 ఫొటోలని కంపెనీ లెక్క, పెళ్లికి తీసుకెళ్తే ఎన్‌బీ-13ఎల్ బ్యాటరీ ఇంకోటి జేబులో ఉండాలి. బయటి ఫ్లాష్ పెట్టుకునే వీలు లేదు. లోపలి ఫ్లాష్ నేరుగా కొడితే చెమట పట్టిన మొహాలు నూనె రాసినట్టు మెరుస్తాయి, దాని పవర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి వాడండి, లేదా తక్కువ వెలుతురులోనూ తీయనిచ్చే ఐఎస్ఓ సెట్టింగ్‌ని 1600 దాకా పెంచుకోండి, ఏం ఫర్వాలేదు.

ఎడిటింగ్‌కి వస్తే, రా ఫైల్ తీయండి, అంటే కెమెరా తుదిరూపు ఇవ్వకుండా దాచే మూల ఫైల్. దాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్‌లలో కెనాన్ వాళ్ల డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ ఉచితం, డార్క్‌టేబుల్ కూడా ఉచితమే. కంప్యూటర్ లేకపోతే రా ఫైల్‌ని కెమెరాలోనే జేపెగ్‌గా మార్చుకుని వైఫైతో ఫోన్‌కి పంపుకోవచ్చు. మొదట వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సర్దాలి, తాతయ్య తెల్ల పంచె మీద క్లిక్ చేస్తే చాలావరకు కుదురుతుంది. ట్యూబ్‌లైట్, పసుపు బల్బు రెండూ ఒకేసారి పడ్డ ఫొటో ఎంత కష్టపడినా కుదరదు, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేసేయండి. తర్వాత నీడల్ని కాస్త పైకి, మరీ తెల్లగా ఉన్నచోట కాస్త కిందికి. క్లారిటీ అనే స్లైడర్ ముట్టుకోవద్దు, పెద్దవాళ్ల ముడతలు ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తాయి.

అక్కడితో ఆపండి, దయచేసి చర్మాన్ని తెల్లగా చేయకండి. మా పెద్దమ్మది నల్లని ఛాయ, నిగనిగలాడుతుంది, ఆ ముఖాన్ని గులాబీ రంగులోకి మార్చి ఇచ్చిన స్టూడియో ప్రింట్ చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, అది ఆమె కాదు. ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు కలర్ కరెక్షన్ ఏమీ వద్దు, ఉన్నదున్నట్టు వేయండి అని గట్టిగా చెప్పండి. ఈ కెమెరా ఫొటో 3:2 నిష్పత్తిలో ఉంటుంది కాబట్టి 4x6 కాగితానికి సరిగ్గా సరిపోతుంది, ఎవరి తలా తెగదు.

మార్క్ 3 కొనాలా అని అడుగుతారు. అది 2019లో వచ్చింది, 4కే వీడియో, మైక్ పెట్టుకునే జాక్ ఉన్నాయి. జూమ్, అపర్చర్ (ఎఫ్ అంకెలు) మాత్రం రెండింటికీ ఒకటే, కాబట్టి వీడియోలు తీయనివాళ్లకి మార్క్ 2 చాలు. సెకండ్‌హ్యాండ్‌లో తీసుకుంటే కొనేముందు జూమ్‌ని పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపి ఎక్కడైనా పట్టేస్తోందేమో చూడండి, ఎఫ్ 11లో తెల్లగోడని ఫొటో తీసి పెద్దది చేయండి. నల్లటి మచ్చలు కనిపిస్తే సెన్సార్ మీద దుమ్ము చేరినట్టు. లెన్స్ విప్పడానికి రాదు కాబట్టి అది ఇంట్లో తుడుచుకునేది కాదు, ఆ పీస్ వదిలేసి ఇంకోటి చూసుకోండి.